అరవై దాటితే అన్నీ తగ్గిపోవు

ముప్పై దాటాక మనిషి స్వభావం మారదని, అరవై దాటితే బుర్ర మందగిస్తుందని ఈమధ్య చదివిన ఒక వ్యాసంలో రాశారు. రెండూ ఒప్పుకోలేను. అమెరికాలోని సియాటిల్‌లో 1956 నుంచి ఏడేళ్లకోసారి పెద్దవాళ్ల తెలివితేటలకు పరీక్షలు పెడుతూ వచ్చారు. చకచకా చేసే పనుల్లో వేగం ముందే తగ్గుతుంది గానీ, పదసంపద చాలాకాలం చెక్కుచెదరదని తేలింది.

మా పొందూరులో పెద్దమ్మ వాలుగ చేప దవడతో పత్తి ఏకుతుంది. ఫోన్‌లో నంబరు కోసం తడుముకుంటుంది. అదే పత్తి వేళ్ల మధ్య నలిపిందంటే, సన్న నూలుకు పనికొస్తుందో లేదో ఇట్టే చెప్పేస్తుంది!

ఒకప్పుడు చీటికిమాటికి కస్సుమనేది, ఇప్పుడు నిదానించింది. వయసుతో సగటున ఆందోళన తగ్గి, సర్దుకుపోయే గుణం పెరుగుతుందని పరిశోధనలూ చెబుతున్నాయి. అక్కచెల్లెళ్లలో మాటకారి మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఆవిడే. నలుగురిలో ఎవరు ఎలాంటివారన్న ఆ వరస అంత తొందరగా మారదు. స్వభావం సగటున మారడం వేరు, ఈ వరస మారకపోవడం వేరు; వ్యాసంలో ఈ తేడా చెప్పాల్సింది.