తప్పు చూపిన ప్రతివారూ రంధ్రాన్వేషులు కారు

చెన్నై పెరంబూరులో మా తెలుగు కుటుంబాలన్నీ కలిసి ఉగాదికి ఒక చిన్న సంచిక వేస్తాం. ఈసారి ప్రూఫులు చూసిన విశ్రాంత ఉపాధ్యాయిని ఒకరు, పొట్టి శ్రీరాములు గారు కన్నుమూసిన ఏడాది 1953 అని ఉంటే 1952 అని దిద్దారు. దానికి బదులుగా ఆమె ఫోనుకు ఎప్పటినుంచో చేతులు మారుతున్న ఒక సందేశం వచ్చింది. ‘రంధ్రాన్వేషి అనేది ఇంగ్లీషు నుంచి అనువదించుకున్న మాట. తప్పులెంచే గుణం మనది కాదు కాబట్టే తెలుగులో దానికి సొంత మాట లేదు. విమర్శకుడన్నా రంధ్రాన్వేషి అన్నా ఒకటే. తప్పులెన్నవద్దని వేమన చెప్పాడు. నత్కీరుడికి ఏ గతి పట్టిందో గుర్తుంచుకోండి.’ మర్నాడు ఆమె ప్రూఫుల కట్ట తెచ్చి నా చేతిలో పెట్టి, ‘ఇక మీరే చూసుకోండి బాబూ’ అన్నారు. నాకు చాలా బాధ కలిగింది. అందుకే ఈ జవాబు.

మొదటి మాటే అబద్ధం. రఘువంశం 12వ సర్గలో దశరథుడు పోయాడు, కొడుకులు ఊళ్లో లేరు. రాజు లేని ఆ రాజ్యం ‘రంధ్రాన్వేషణదక్షాణాం ద్విషామ్’, అంటే లొసుగులు వెదకడంలో ఆరితేరిన శత్రువులకు ఎర అయిందంటాడు కాళిదాసు. ఆయనకు ఇంగ్లీషుతో పనేమిటి? ఇక్కడ రంధ్రం అంటే గోడకు పడిన చిల్లు కాదు, శత్రువు చొరబడడానికి వీలిచ్చే బలహీనత. మనుస్మృతి కూడా రాజుకు ఇదే చెబుతుంది: నీ ఛిద్రం పరులకు తెలియనివ్వకు, పరుల ఛిద్రం నువ్వు తెలుసుకో, తాబేలు అవయవాలు ముడుచుకున్నట్టు నీ లోపాలు దాచుకో. అంటే ఈ మాటకు పుట్టుకతోనే పగ అంటుకుని ఉంది. దెబ్బతీయాలనే వెదికేవాడే రంధ్రాన్వేషి.

తెలుగులో సొంత మాట లేదనడం మరీ విడ్డూరం. వంకలు పెట్టేవాళ్లు, పుల్లవిరుపుగా మాట్లాడేవాళ్లు, కోడిగుడ్డుకు ఈకలు పీకేవాళ్లు మన ఇళ్లలో లేరా? ఈకే ఉండని గుడ్డు మీద ఈకలు పీకడం! లేని తప్పును పుట్టించే మనిషిని ఇంతకన్నా కళ్లకు కట్టినట్టు చూపడం ఎవరితరం? వంకలేనమ్మ డొంక పట్టుకుని ఏడ్చిందనే సామెత ఉండనే ఉంది. నెలవంకలోని వంకే ఇదీ. వంపు అనే అర్థం నుంచి లోపం, సాకు అనే అర్థాలకు సాగింది. ఆ గుణమే లేని జాతి ఇన్ని మాటలు పుట్టించుకోదు.

విమర్శ సంగతికి వస్తే, ఆ మాటలో ఉన్నది ఆలోచన, పరిశీలన. తొందరపడి ఏ పనీ చేయకూడదని, ‘విమృశ్యకారి’ని, అంటే బాగా ఆలోచించి పనిచేసేవాణ్ణి, సంపదలు తామే వరిస్తాయని సంస్కృత కవి భారవి అన్నాడు. కట్టమంచి రామలింగారెడ్డి 1914లో అచ్చయిన కవిత్వతత్త్వవిచారములో ప్రబంధకవులను గట్టిగానే పట్టుకున్నారు. కోపం తెచ్చుకున్నవారూ ఉన్నారు. అయినా తెలుగు విమర్శ చరిత్ర చెప్పేటప్పుడు ఆ పుస్తకాన్ని దాటి వెళ్లడం కుదరదు.

ఇక వేమన. ‘తప్పులెన్నువారు తమ తప్పులెరుగరు’ అన్నాడే కాని, తప్పు చూపవద్దని ఎక్కడా అనలేదు. ‘ఆత్మశుద్ధి లేని ఆచారమదియేల’ అని లోకాన్ని నిలదీసినవాడు ఆయనే. ఆ పద్యాన్ని ఎదుటివారి నోరు నొక్కడానికి వాడుతుంటే నాకు ఒళ్లు మండుతుంది.

నత్కీరుడి కథ ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలో ఉంది. ఆడవారి కురులకు సహజంగానే సువాసన ఉంటుందన్న పద్యాన్ని అతడు తప్పుపట్టాడు. రాసినవాడు సాక్షాత్తూ శివుడని తెలిసినా వెనక్కి తగ్గలేదు. కుష్ఠురోగం శాపమైంది, శ్రీకాళహస్తిలో అది తీరింది. శాపం చెప్పి, విమోచనం చెప్పకపోవడం ఏం న్యాయం? ఇదే మనిషిని నక్కీరర్‌గా తమిళులు ఎలా తలుచుకుంటారో చెన్నైలో ఉంటున్న మనకు తెలియనిది కాదు. ‘నుదుటి కన్ను తెరిచినా తప్పు తప్పే’ అన్న మాట ఇక్కడ ఇప్పటికీ సామెతలా వాడుతున్నారు.

ఆమె దిద్దిన పుట నా ముందే ఉంది. పెన్సిలుతో, చెరపడానికి వీలుగా, సన్నటి గీత. పక్కన మార్జిన్‌లో ‘1952 డిసెంబర్ 15. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది 1953 అక్టోబర్ 1న. రెండూ కలిసిపోయినట్టున్నాయి’ అని గుండ్రటి అక్షరాల్లో రాశారు. రాసినవారి పేరెత్తలేదు, ఎగతాళి చేయలేదు, తప్పు ఎలా దొర్లి ఉంటుందో కూడా ఆమే ఊహించి చెప్పారు. ఇదే ఊళ్లోని మైలాపూరులో 58 రోజులు నిరాహారంగా ఉండి ప్రాణం విడిచిన మనిషి తేదీని మనమే తప్పు వేస్తే, పిల్లలు దాన్నే నేర్చుకోరా?

సంచిక ఇంకా అచ్చుకు వెళ్లలేదు. 1952 అలాగే ఉంచాను. మిగిలిన పుటలు తీసుకుని ఆదివారం ఆమె ఇంటికి వెళ్తున్నాను. ఆ సందేశం పంపినవారు కూడా నాతో వస్తే సంతోషిస్తాను.