సవరణ: అల్ట్రాసౌండ్ నార్మల్ వస్తే జబ్బు లేనట్టేనా?

జెయింట్ సెల్ ఆర్టరైటిస్ (ధమనుల గోడలు వాచే జబ్బు) మీద రాసిన ముందటి పోస్టులో "కణత దగ్గరి ధమనికి అల్ట్రాసౌండ్ తీస్తే చాలు, నార్మల్ వస్తే జబ్బు లేనట్టే" అన్నాను. అది తప్పు. వాచిన ధమని గోడ స్క్రీన్ మీద నల్లటి వలయంలా కనిపిస్తుంది, ప్రోబ్‌తో నొక్కినా చెరిగిపోదు. అక్కడివరకు సరే. కానీ కొందరిలో కణత ధమని బాగానే ఉండి, చంకలోని ధమని వాచి ఉంటుంది. తొందరలో చంక సంగతే మర్చిపోయాను! యులార్ (యూరప్‌లోని రుమటాలజీ, అంటే కీళ్లవాత వైద్య సంఘాల కూటమి) 2023 సిఫార్సులు రెండుచోట్లా చూడమంటున్నాయి. పైగా స్టెరాయిడ్ మొదలుపెట్టిన కొద్ది రోజులకే వలయం పలచబడొచ్చు. అలాగని స్కాన్ కోసం మందు ఆపి కూర్చోకూడదు, చూపు పోయే ప్రమాదం ఉంది. ఛాతీలోని బృహద్ధమని మాత్రం అల్ట్రాసౌండ్‌కు సరిగా అందదు. దానికి పెట్, సీటీ, ఎమ్మారై స్కాన్లు ఉన్నాయి.