రాని 4కేకి ఎనిమిది నెలలు డబ్బు కట్టాను

నెల తప్పకుండా ఎనిమిది నెలలు ఒక స్ట్రీమింగ్ యాప్‌లో అల్ట్రా హెచ్‌డీ, అంటే 4కే ప్లాన్‌కు ఎక్కువ డబ్బు కట్టాను. ఆ ఎనిమిది నెలల్లో మా టీవీలో ఒక్క సినిమా కూడా 4కేలో ఆడలేదని మొన్న రాత్రి తెలిసింది. వేరే ఏదో వెతుకుతూ రిమోట్‌లో ఇన్ఫో బటన్ నొక్కాను. తెర మూలన 1920×1080 అని కనబడింది, అంటే బొమ్మలో అడ్డంగా, నిలువుగా ఉండే చుక్కల (పిక్సెళ్ల) లెక్క. 4కే అంటే 3840×2160 ఉండాలి. నేను డబ్బు కట్టిన చుక్కల్లో నాలుగో వంతు మాత్రమే వస్తోందన్నమాట.

కారణం మధ్యలో ఉన్న పాత సౌండ్‌బార్. 4కే రావాలంటే యాప్ నడిచే స్ట్రీమింగ్ బాక్స్ నుంచి టీవీ దాకా దారిలో ఉన్న ప్రతి పరికరానికీ హెచ్‌డీసీపీ 2.2 అనే కాపీ రక్షణ ఉండాలి. ఒక్కదానికి లేకపోయినా యాప్ మామూలు హెచ్‌డీకి దిగిపోతుంది. అలా దిగినట్టు ఒక్క ముక్క చెప్పలేదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "మీది 4కే టీవీయేనా అండీ?" అన్నారు. అవునంటే "అయితే మా వైపు సమస్యేమీ లేదండీ" అని పెట్టేశారు.

నా కోపమంతా ఇక్కడే. స్ట్రీమింగ్‌లో వీడియో కొన్ని సెకన్ల ముక్కలుగా వస్తుంది. నెట్ స్పీడును బట్టి, పరికరాన్ని బట్టి ఏ ముక్క ఏ క్వాలిటీలో తెప్పించుకోవాలో వాళ్ల యాప్ ఎప్పటికప్పుడు నిర్ణయిస్తుంది. అంటే మా ఇంటికి ఏం పంపారో వాళ్లకి తెలుసు. కరెంటు బిల్లులో ఎన్ని యూనిట్లు కాల్చామో రాస్తారు కదా, ఈ నెల మీరు ఇన్ని గంటలు 4కేలో చూశారని వీళ్లెందుకు రాయరు?

సరే, బాక్స్‌ను నేరుగా టీవీకి పెట్టి, సౌండ్‌బార్‌ను టీవీలోని ఏఆర్‌సీ పోర్టుకు (టీవీ శబ్దాన్ని సౌండ్‌బార్‌కు పంపే పోర్టు) మార్చాను. పది నిమిషాల పని. అమ్మను పిలిచి చూపిస్తే "ఏం మారిందిరా?" అంది. అమ్మ అన్నదాంట్లో తప్పేం లేదు. మాది 55 అంగుళాల టీవీ. మామూలు చూపున్న మనిషి 7 అడుగులు దాటి కూర్చుంటే హెచ్‌డీ చుక్కలే విడివిడిగా కనబడవు, ఇక 4కే చుక్కల సంగతి చెప్పేదేముంది! టేపు పెట్టి కొలిచాను. మా సోఫా 10 అడుగుల దూరంలో ఉంది. పైగా చాలా సినిమాలు 2కేలో (దాదాపు హెచ్‌డీ అన్ని చుక్కలే) పూర్తి చేసి 4కేకి పెంచినవే.

కానీ ఒక తేడా మాత్రం నిజంగా కనబడింది. చీకటి గదిలో దీపం వెలిగే సీన్. ఇదివరకు ఆ మంట ఒట్టి తెల్లటి మచ్చలా ఉండేది. ఇప్పుడు అంచున నారింజ రంగు, మధ్యలో పసుపు, చుట్టూ చీకటి చీకటిగానే ఉంది. అది 4కే గొప్పతనం కాదు, వెలుగు, చీకటి, రంగుల తేడాలను ఇంకా బాగా చూపించే హెచ్‌డీఆర్‌ది. హెచ్‌డీఆర్‌ని 1080లోనూ ఇవ్వొచ్చు, సాంకేతికంగా అడ్డేమీ లేదు. అయినా నా ప్లాన్లో దాన్ని 4కేతో ముడిపెట్టి అమ్ముతున్నారు. కంటికి కనబడేది కావాలంటే కనబడనిదానికి కూడా డబ్బు కట్టాలి.

ఆ దీపం వెనక గోడ చూడండి. వెలుగు నెమ్మదిగా తగ్గాల్సిన చోట మెట్లు మెట్లుగా చారలు పడ్డాయి. 4కే స్ట్రీమింగ్‌కు నెట్‌ఫ్లిక్స్ చెప్పే నెట్ స్పీడు 15 ఎంబీపీఎస్. అదే అల్ట్రా హెచ్‌డీ బ్లూ-రే డిస్క్ 100 ఎంబీపీఎస్ కూడా దాటగలదు. బొమ్మను అంతలా పిండి పంపితే గోడమీద చారలు రాక ఏమొస్తాయి? ప్లాన్ పేరు పక్కన బిట్‌రేట్ (సెకనుకు ఎంత వీడియో డేటా పంపుతారో చెప్పే అంకె) కూడా వేయాలి. వేయరు.

మీరూ ఈ ప్లాన్‌లో ఉంటే ఇవాళే ఇన్ఫో బటన్ నొక్కి చూడండి. ఎనిమిది నెలల తేడా డబ్బు తిరిగి ఇవ్వమని నేను మెయిల్ పెట్టాను. ఇచ్చేదాకా అడుగుతూనే ఉంటాను.