ఫ్యూజు పోతే విసుక్కుంటున్నాం

మా చిన్నప్పుడు కడప పక్క పల్లెల్లో ఎండాకాలం వస్తే నిప్పంటే వణుకే. గడ్డి కొట్టాలు, వాటి పక్కనే వాములు. గాలి రేగితే చాలు, పొయ్యి ఆర్పమని పెద్దవాళ్లు కేకలేసేవారు. ఇప్పుడు కొట్టాలు పోయి బండల మిద్దెలు, స్లాబులు వచ్చాయి. బండ కాలదు కదా అన్న ధీమా కూడా వచ్చింది. బండ కాలదు నిజమే. ఇంట్లోని ఫోమ్ పరుపు, సోఫా, కర్టెన్లు కాలతాయి. వాటి పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. మంట తగలకముందే అది మనిషిని పడేస్తుంది.

నిప్పు కూడా పొయ్యి దగ్గరే ఉండిపోలేదు, గోడలోని తీగల్లోకి చేరింది. ఇరవై ఏళ్ల కిందట కట్టిన ఇంటికి వైరింగ్ వేసింది నాలుగు ఫ్యాన్లు, ట్యూబ్‌లైట్లు, ఒక టీవీ లెక్కన. ఇప్పుడు అదే తీగల మీద ఏసీ, గీజర్, ఇండక్షన్ స్టవ్. కర్నూలు, అనంతపురంలో మే నెలలో 40 డిగ్రీలు దాటాక ఏసీని విలాసమనడం నాకు చేతకాదు. కానీ 1.5 టన్ను ఏసీ సుమారు 7, 8 ఆంపియర్లు లాగుతుంది. తీగలో కరెంటు రెట్టింపైతే పుట్టే వేడి నాలుగింతలవుతుంది. లైట్ల కోసం వేసిన సన్న తీగకు ఆ వేడి చాలా ఎక్కువ. పైన తొడుగు మెత్తబడి, పెళుసెక్కి, ఏ వదులు జాయింటు దగ్గరో రవ్వలు లేస్తాయి.

దీన్ని ఆపడానికే ఫ్యూజు ఉంది, కరెంటు మోతాదు మించితే తానే కరిగి తెగిపోయే సన్న తీగ. అది పోయిందంటే తన పని చేసిందని అర్థం. మనకు మాత్రం అది తలనొప్పి. మా ఇంట్లో రెండు వేసవుల కిందట రాత్రిళ్లు పదే పదే పోతుంటే కరెంటు పని చేసే అతన్ని పిలిచాను. రాగి వైరులోంచి నాలుగు పోగులు మెలేసి బిగించి, "గట్టిది వేసినా సార్, ఇంక పోదులే" అన్నాడు. నేను సంతోషంగా డబ్బులిచ్చాను. ఫ్యూజు బదులు వాడే ఎంసీబీ, అంటే కరెంటు ఎక్కువైతే దానంతటదే ఆగిపోయే స్విచ్చు, పడిపోతోందని 16 ఆంపియర్లది తీసి 32 పెట్టించుకునేవాళ్లదీ ఇదే కథ. వైరు మార్చకుండా ఎంసీబీ మారిస్తే కాపలావాడికి మత్తుమందు ఇచ్చినట్టే.

వ్యవస్థ కూడా ఈ తప్పును పట్టుకోదు. కరెంటు పంపిణీ చేసే డిస్కం చూపు మీటరు దాకానే, ఆ తర్వాత వైరింగ్ ఇంటివాళ్ల బాధ్యత. వాడకం పెరిగిందని అదనపు లోడుకు డబ్బు కట్టించుకునేటప్పుడే, లోపలి తీగలు ఆ లోడును మోస్తాయని ఎలక్ట్రీషియన్ నుంచి ఒక పరీక్ష కాగితం అడిగితే బాగుంటుందని నా అభిప్రాయం. మళ్లీ ఇంకో కాగితమా అని జనం తిట్టుకుంటారు, తెలుసు.

గ్యాస్ విషయంలో మనం ఇంత మొండిగా లేం. వాసన వస్తే రెగ్యులేటర్ ఆపి, స్విచ్చుల జోలికి పోకుండా, తలుపులు తెరిచి బయటికొచ్చి 1906కు ఫోన్ చేయాలని చాలామందికి తెలుసు. ఆ వాసన కంపెనీలు కావాలని కలిపిందే. వేడెక్కిన తీగ కూడా వాసనేస్తుంది, కాలిన ప్లాస్టిక్ వాసన. స్విచ్‌బోర్డు చేతికి వెచ్చగా తగులుతుంది. అప్పుడు మెయిన్ ఆపేది ఎంతమంది?

మొన్న ఇంటికి రంగులేయిస్తూ ఆ ఫ్యూజు బయటికి లాగాను. తెల్లటి పింగాణీ సగం నల్లబడి ఉంది. రాగి పోగులు మాత్రం చెక్కుచెదరలేదు.