పదిహేడు గంటలేగా!

హైదరాబాద్ నుంచి డాలస్‌కి ఎంత దూరమని నెట్లో అడిగితే 14,400 కిలోమీటర్లంది. గంటకి 850 చొప్పున ఎగిరితే పదిహేడు గంటలట. లెక్క తప్పని నేననను. గ్లోబు మీద దారం బిగించి పెడితే ఢిల్లీ మీదుగా, ఉత్తర ధ్రువం పక్కనుంచి అంతే వస్తుంది. కాకపోతే ఆ దారం మీద ఎగిరే విమానం లేదు. అదొక్కటే లోపం.

మా పెద్దమ్మ కొడుకు అక్కడే ఉంటాడు. "అమ్మా, పదిహేడు గంటలేనే, కళ్లు మూసి తెరిచేలోగా వచ్చేస్తావు" అన్నాడు. ఆవిడ ప్రయాణం తణుకులో, వరండాలో, తూకం దగ్గర మొదలైంది. సూట్‌కేసు ఇరవై మూడు కిలోలు దాటకూడదు. పెదనాన్న దాన్ని ఎత్తుకుని బరువు చూసే మిషనెక్కారు. పొట్ట అడ్డొచ్చి ముల్లు కనపడదు. పక్కింటి కుర్రాడు నేల మీద బోర్లా పడుకుని "తొంభై ఎనిమిది తాతగారూ" అన్నాడు. "నేను డెబ్బై మూడు, పోతే పాతిక. రెండు కిలోల ఆవకాయ తీసెయ్" అన్నారు పెదనాన్న. పెద్దమ్మ వింటేనా? "నిన్న పెళ్లిలో తిన్నది కలిపారా? మీరే డెబ్బై అయిదు. పెట్టె సరిగ్గానే ఉంది." ఆయన దిగి, కళ్లజోడూ వాచీ తీసేసి మళ్లీ ఎక్కారు. డెబ్బై అయిదే!

ఈ పంచాయితీ తెమిలేసరికి నెట్ వారి విమానం ఢిల్లీ మీదికొచ్చింది. సూర్యాపేట దగ్గర టీకి ఆగేసరికి ఆర్కిటిక్ సముద్రం చేరింది. శంషాబాద్‌లో లైన్లో నిలబడేసరికి కెనడా. పెద్దమ్మ ఇంకా విమానమే ఎక్కలేదు. ఎక్కాక దోహాకి నాలుగున్నర గంటలు, అక్కడ నాలుగు గంటల పడిగాపులు, అక్కణ్ణుంచి డాలస్‌కి పదహారు. గుమ్మం నుంచి గుమ్మానికి నలభై గంటలకి కాస్త తక్కువ.

2021 జనవరిలో హైదరాబాద్ నుంచి షికాగోకి నేరు విమానం వేశారు. వేసినప్పుడు పండగ, తీసేసినప్పుడు చప్పుడు లేదు.

పెద్దమ్మ సంగతి నవ్వుకోవచ్చు. మొన్న మా వీధిలో ఒకాయన పోయారు. ఒక్కడే కొడుకు, డాలస్‌లోనే. ఇక్కడ ఫ్రీజర్ బాక్సు కింద నీళ్లు కారుతుంటే ఆ ఇంటావిడ గంటకోసారి తుండు పిండి మళ్లీ పరుస్తోంది. రెండో రోజు పొద్దున్నే అరుగు మీద ఒక పెద్దమనిషి ఫోన్లో చూసి మరీ "పదిహేడు గంటలేగా, ఇంకా రాడేం? మనసుంటే వచ్చేవాడే" అన్నాడు. ఆవిడకి వినపడేలా అన్నాడు. ఏం మనిషివయ్యా నువ్వు! వాడికి టికెట్టు దొరకడానికే ఒక రోజు పట్టింది. ఆ పదిహేడు గంటలు ఎవడికి సరిపోయాయో చూపించు. నీ దారం తెచ్చి పరిచి చూపించు!

కొడుకు అప్పటికి దోహాలో ఉన్నాడు. తల్లికి వీడియో కాల్ చేశాడు. "ఇంకో ఆరు గంటలమ్మా, దింపకండి" అంటున్నాడు. వెనకాల మైకులో ఎవరో ఏదో ఊరికి చివరి పిలుపు పిలుస్తున్నారు.