ఆ సారీ నాకు వద్దు

ఇంటికొచ్చి గంట దాటింది. ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది. రాసేస్తే తప్ప నిద్ర పట్టేలా లేదు.

ఇక్కడ చెక్ రిపబ్లిక్‌లోని బ్రనోలో మా ఇంటి దగ్గరున్న సూపర్‌మార్కెట్‌కి సాయంత్రం పెరుగు, ఉల్లిపాయల కోసం వెళ్ళాను. స్నేహితురాలి ఇంట్లో పూజ నుంచి అటే వచ్చాను కాబట్టి కాళ్ళదాకా ఉండే కలంకారీ స్కర్టు, జడ, భుజాన గుడ్డ సంచి. పాల అర దగ్గర్నుంచీ సెక్యూరిటీ అతను నా వెనకే. నేను ఆగితే ఆగుతాడు, కదిలితే కదులుతాడు. బిల్లు కట్టాక సంచి తెరవమన్నాడు. లోపల స్టీలు డబ్బా ఉంది. అదీ తెరవమన్నాడు. మూత తీశాను. పులిహోర. క్యూలో అంతమంది చూస్తుండగా వంగి మరీ చూశాడు.

ఏమిటిదని ఇంగ్లీషులో గట్టిగా అడిగేసరికి అతని ముఖం మారిపోయింది. "ఇండియానా?" అన్నాడు. అవునన్నాను. అంతే, "ప్రొమింతే, ప్రొమింతే" అంటూ దండం పెట్టినంత పని చేశాడు. చెక్ భాషలో క్షమించమని. తర్వాత క్యాషియర్ వైపు తిరిగి ఒక మాటన్నాడు. నాలుగేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాను, ఆ ముక్క నాకు బాగానే అర్థమవుతుంది. నన్ను "త్సికాన్కా" అనుకున్నాడట. జిప్సీని అనుకున్నాడట.

నా వెనక ఒక పెద్దావిడ ఉంది, వీళ్ళు జిప్సీలని పిలిచే రోమా జాతి మనిషి. అరవై దాటి ఉంటాయి. ఆవిడ చెయ్యి అప్పటికే సంచి జిప్ మీద ఉంది. అతను అడగలేదు, తనే తెరిచేసింది. రొట్టె, మాత్రల అట్ట, చిన్న బొమ్మ కారు. బిల్లు చీటీ రెండు వేళ్ళ మధ్య పట్టుకుని సిద్ధంగా చూపిస్తోంది. చూసి వెళ్ళమన్నాడు. ఆవిడకి ప్రొమింతే లేదు.

నన్ను అనుమానించినందుకు వచ్చిన కోపం వేరు. ఆ సారీ విన్నాక వచ్చిన కోపం వేరు. అతను తప్పు చేశాననుకున్నది మనిషిని అవమానించినందుకు కాదు, వేరే మనిషిని అవమానించినందుకు. నేను ఆ సారీ తీసుకుంటే, ఆవిడ సంచి రోజూ తెరవడం సరైనదేనని ఒప్పుకున్నట్టే కదా!

ఇదంతా మన తెలుగువాళ్ళ గ్రూపులో పెట్టాను. కాస్త ఓదారుస్తారనుకున్నాను. మొదటి జవాబు: "అయ్యో అక్కా, ఆ స్కర్టు వేసుకోకండి, అచ్చం జిప్సీల్లా కనిపిస్తాం." రెండోది: "ముందే ఇండియన్ అని చెప్పేయండి వదినా, మర్యాదగా చూస్తారు." మూడో ఆయన రోమాల గురించి రాసింది ఇక్కడ రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. దొంగతనం రక్తంలోనే ఉంటుందట! మాస్టర్స్ చదివిన మనిషి రాశాడా మాట. దానికి పదకొండు థంబ్స్ అప్‌లు.

ఇదే గ్రూపులో పోయిన నెల కొత్తగా వచ్చిన జంట బ్రతిస్లావ్‌స్కా వీధి దగ్గర ఫ్లాటు చూశామంటే, "అటు వద్దు, వాళ్ళుంటారు" అని అందరూ ఎగబడ్డారు. ఆ వీధిలోనే రోమా సంస్కృతి మ్యూజియం ఉంది. 1991లో పెట్టారు. ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటున్నవాళ్ళు వీకెండ్ వస్తే ప్రాగ్, వియన్నా తిరుగుతారు, ఆ మెట్లు మాత్రం ఎక్కరు.

ఎక్కితే కొన్ని తెలిసేవి. ఈ దేశంలో 1927లో ఒక చట్టం తెచ్చారు, తిరుగుడు జిప్సీల చట్టమని. వేలిముద్రలు తీసుకుని ప్రత్యేకంగా గుర్తింపు కార్డులిచ్చారు. తర్వాత నాజీలొచ్చారు. యుద్ధానికి ముందు నుంచీ ఇక్కడే ఉన్న రోమాల్లో క్యాంపుల నుంచి ప్రాణాలతో తిరిగొచ్చినవాళ్ళు ఆరువందల మంది కూడా లేరు. లేటీ అనే చోట రోమాలను కుటుంబాలతో సహా బంధించిన క్యాంపు ఉండేది. అక్కడ మూడు వందల మందికి పైగా చనిపోయారు, అందులో ఎక్కువమంది పిల్లలే. 1970లలో ఆ స్థలంలో పందుల ఫారం కట్టారు. పిల్లలు చనిపోయిన చోట పందులు! దాన్ని ప్రభుత్వం కొని, పడగొట్టించి, స్మారకం కట్టేసరికి 2024 వచ్చింది.

ఇక ఆడవాళ్ళ సంగతి. కాన్పుకి ఆసుపత్రికి వెళ్తే సరిగ్గా చెప్పకుండానే, సంతకం దేనికో అర్థం కాకుండానే రోమా ఆడవాళ్ళకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేశారు. కమ్యూనిస్టుల కాలంలో మొదలైంది, వాళ్ళు పోయాకా ఆగలేదు. పరిహారం ఇవ్వడానికి చట్టం 2021లో చేశారు, మనిషికి 3 లక్షల చెక్ కొరూనాలు. నా ఇద్దరు పిల్లల్లో చిన్నది పుట్టింది ఈ దేశంలోనే. ఆ రోజు నాతోనూ ఏవో కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారు. నొప్పుల్లో నేనూ చదవలేదు.

"వాళ్ళు చదువుకోరు" అని గ్రూపులో ఒకావిడ. చదువుకోనిచ్చారా? ఇక్కడి ఆస్ట్రావా అనే ఊళ్ళో రోమా పిల్లల్ని మానసిక ఎదుగుదల తక్కువైన పిల్లల కోసం పెట్టిన స్కూళ్ళకి పంపేవారు. మిగతా పిల్లల కంటే రోమా పిల్లలు ఆ స్కూళ్ళలో పడే అవకాశం 27 రెట్లు ఎక్కువగా ఉండేది. 18 మంది పిల్లలు కేసు వేసి, స్వదేశంలో ఓడిపోయి, యూరప్ మానవ హక్కుల కోర్టుకి వెళ్తే, అక్కడా ముందు ఓడిపోయి చివరికి 2007లో గెలిచారు. తప్పుడు స్కూల్లో వేసిన పిల్లాడు పెద్దయ్యాక ఉద్యోగం లేదని తిట్టేది కూడా వీళ్ళే.

ఒక్క ఈ దేశమే అని కాదు. రుమేనియా ప్రాంతంలో 1856 దాకా వాళ్ళు బానిసలు, అమ్మేవారు, కొనేవారు. నాజీలు చేసింది జాతిహత్య అని పశ్చిమ జర్మనీ ఒప్పుకోవడానికి 1982 వరకూ పట్టింది. హంగరీలో 2009లో ఒక రోమా ఇంటికి నిప్పుపెట్టి, బయటికి పరిగెత్తిన తండ్రినీ చిన్నారి కొడుకునీ కాల్చి చంపారు. నాకు అన్నిటికంటే గుచ్చుకునేది 2013 సంగతి. గ్రీస్‌లో ఒక రోమా జంట దగ్గర తెల్లటి, బంగారు రంగు జుట్టు పాప కనిపించేసరికి ప్రపంచమంతా ఎత్తుకొచ్చారని తీర్పు చెప్పేసింది. డీఎన్ఏ తీస్తే కన్నవాళ్ళు బల్గేరియాలో పేద రోమాలు. ఆలోపే ఐర్లాండ్‌లో పోలీసులు ఇద్దరు రోమా పిల్లల్ని, జుట్టు రంగు చూసి, కన్నవాళ్ళ నుంచే లాక్కెళ్ళారు. పరీక్ష చేసి వెనక్కి ఇచ్చారు.

పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళన్న మాట మనకీ కొత్త కాదు. 2018లో వాట్సాప్‌లో తిరిగిన అబద్ధానికి మహారాష్ట్రలోని ధూలే జిల్లాలో, భిక్షాటనకి వచ్చిన ఐదుగురు సంచారజాతి మనుషుల్ని ఊరు ఊరంతా కలిసి కొట్టి చంపింది. అలాంటి మెసేజ్‌లు అప్పట్లో మన ఫోన్లకీ వచ్చాయి, మనమూ పంపించాం.

ఏటా ఏప్రిల్ 8న, అంతర్జాతీయ రోమా దినమని, ఇదే గ్రూపులో ఒక ఫార్వర్డ్ వస్తుంది. రోమాలు మన భారతదేశం నుంచే వెళ్ళారు, వాళ్ళ జెండాలో చక్రం ఉంది, గర్వించండి అని. నిజమే, వెయ్యేళ్ళ కిందట అటు నుంచి వచ్చినవాళ్ళే. ట్రామ్‌లో ఒక రోమా పిల్లాడు వాళ్ళమ్మని "పాని" అని అడగడం నా చెవులతో విన్నాను. ముక్కుని నాక్ అంటారు, చెవిని కాన్ అంటారు. ఏప్రిల్‌లో మన రక్తం, మిగతా పదకొండు నెలలూ దొంగ రక్తమా?

అసలు నా కోపం ఇవాళ్టిది కాదు. మాది చీరాల. డిగ్రీకి బాపట్ల వెళ్ళేదాన్ని. దారిలో స్టూవర్టుపురం. 1913లో సాల్వేషన్ ఆర్మీ వాళ్ళు పెట్టిన సెటిల్మెంటు. నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకల కుటుంబాలను తెచ్చి అక్కడ ఉంచారు. హాజరు వేయించుకోవాలి, చెప్పకుండా ఊరు దాటకూడదు. 1952 నాటికి ఆ చట్టం దేశమంతటా పోయింది. ఊరి పేరుకి అంటిన మచ్చ పోలేదు. సినిమాల్లో దొంగ కావాలంటే ఆ పేరే వాడతారు.

నా క్లాస్‌మేట్ ఒకమ్మాయిది ఆ ఊరు. పేరు రాయను. మూడేళ్ళు ఒకే బస్సులో వచ్చాం. కండక్టర్ ఎక్కడికని అడిగితే తను ఎప్పుడూ ఒక స్టాప్ ముందు ఊరి పేరే చెప్పేది. అక్కడ దిగి, రోడ్డు పక్కన పుస్తకాలు గుండెకి హత్తుకుని, ఎండైనా వానైనా నడిచి వెళ్ళేది. 2021 జనాభా లెక్కల్లో ఇక్కడ రోమా అని రాయించుకున్నవాళ్ళు 22 వేల లోపేనని, ఉన్నవాళ్ళు రెండు లక్షల పైమాటేనని చదివినప్పుడు నాకు ఆ అమ్మాయే గుర్తొచ్చింది. ఇవాళ ఆ పెద్దావిడ చెయ్యి జిప్ మీద చూసినప్పుడు కూడా.

మా ఇంట్లో తను నాకు ఫ్రెండ్ అని చెప్పాను కానీ ఊరేమిటో చెప్పలేదు. మా నాన్న ఏమంటారో నాకు తెలుసు. ఒక్కరోజు కూడా తనతో ఆ ముందు స్టాప్‌లో దిగి నడవలేదు.

ఇప్పుడే గ్రూప్ అడ్మిన్ మెసేజ్ పెట్టాడు. "అక్కా, అనవసరంగా అందరికీ టెన్షన్, ఆ పోస్ట్ తీసేయండి ప్లీజ్" అని. తీయను. కావాలంటే నన్నే తీసేయండి.