శేషం గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ శేషం గారికి,

నాలుగో తరగతి లెక్కల టీచర్ నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. భాగహారం అడుగున మీరు ఒంటరిగా క్షేమమని తలుస్తాను.

అప్పు శేషం, అగ్ని శేషం, శత్రు శేషం ఉంచకూడదన్నారు పెద్దలు. లెక్కల శేషం ఊసెత్తలేదు కాబట్టి మిమ్మల్ని అలాగే ఉంచేస్తున్నాం. భాగించు, గుణించు, తీసివెయ్యి, దించు. దించడానికేమీ లేకపోతే మీ కింద గీత గీసి పక్క లెక్కకు పోతాం.

అసలు మీ దర్శనమే కొందరికి. పల్లె పిల్లల చదువును పరీక్షించే ఏసర్ సర్వే 2024 ప్రకారం, మన దేశపు పల్లెల్లో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగిన ఐదో తరగతి పిల్లలు 30.7 శాతమే.

మొన్న బోర్డు మీద రాశాను: 45 మంది విహారయాత్రకు వెళ్తున్నారు, ఆటోకు ఆరుగురు, ఎన్ని ఆటోలు కావాలి? "గుణించాలా, భాగించాలా టీచర్?" అన్నారు, ఎప్పట్లాగే. భాగించమన్నాను. (ముందు లెక్క చదవండి అనాల్సింది. సిలబస్ టెన్షన్.) క్లాసంతా ఒకే జవాబు: "7 ఆటోలు, శేషం 3". ఆ ముగ్గురూ గేటు దగ్గర నిలబడి మిగతావాళ్లకు టాటా చెప్తారన్నమాట. ఒక్కడు మాత్రం 5 అని రాశాడు. ఇదేంట్రా అంటే, "మా ఊరి ఆటోలో పదిమంది ఎక్కుతారు టీచర్" అన్నాడు. జవాబుల పేజీలో 8 ఉంది. ఇంటూ పెట్టాను.

తప్పంతా మాదేనా? అదే 45, అదే 6. ఆటోల దగ్గర మీరు ఇంకో ఆటో అవుతారు. ఆరు రూపాయల పెన్నులు కొంటే మూడు రూపాయల చిల్లరవుతారు, కొట్టతను దానికీ చాక్లెట్లు చేతిలో పెడతాడు. లడ్డూలు ఆరుగురికి పంచితే తలా సగమై అసలు మిగలనే మిగలరు. ఇన్ని వేషాలేస్తే తొమ్మిదేళ్ల పిల్లలు ఎలా పోల్చుకుంటారండీ?

అమెరికాలోనూ ఇదే వరస. 1983లో ప్రచురించిన ఒక జాతీయ పరీక్ష ఫలితాల్లో ఇలాంటి లెక్కే ఉంది: 1,128 మంది సైనికులు, బస్సుకు 36 మంది, ఎన్ని బస్సులు? పదమూడేళ్ల పిల్లల్లో 29 శాతం "31, శేషం 12" అన్నారట. పన్నెండు మంది సైనికుల్ని రోడ్డు మీద వదిలేసి పెన్ను మూత పెట్టేశారు.

ఆ అయిదు ఆటోల పిల్లాడి మార్కు దిద్దుదామని నిన్న నోట్సు తీశాను. అప్పటికే రిజిస్టరులో సున్నా ఎక్కించేశాను. పైగా వాళ్ల నాన్న ఆటో నడుపుతాడట.

ఇట్లు,
ఎనిమిదో ఆటో కోసం చూస్తున్న టీచర్